వంజంగి ఎక్కడం ఎంతసేపని!

పాడేరు దగ్గరి వంజంగి కొండకి వెళ్దామనుకునేవాళ్లు ఈమధ్య మరీ బెంబేలెత్తిపోతున్నారు. ఎన్నింటికి లేవాలి, ఏం బూట్లు వేసుకోవాలి, పెద్దవాళ్లు ఎక్కగలరా, చలి ఎంత ఉంటుంది అని కనపడ్డవాణ్ణల్లా అడుగుతున్నారు. అదేమన్నా ఎవరెస్టా? మూడు వేల పైచిలుకు అడుగుల ఎత్తు. అందులో చాలా భాగం ఘాటు రోడ్డు మీద కారే ఎక్కేస్తుంది, ఆ తర్వాత కొంత జీపు ఎక్కేస్తుంది. మన కాళ్లకి మిగిలేది చివరి ముక్క. దానికింత హడావుడి చేసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

మా కాలనీ వాళ్లని, ఆఫీసు వాళ్లని, చివరికి మా ఆవిడ చిట్టీల బృందాన్ని కూడా పోగేసి ఆ కొండ ఎక్కించినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది. నాతో ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి వస్తామని అడగలేదు. ఒక్కసారికే అంత తృప్తిపడ్డారన్నమాట.

ముందు రోజు ఎంచుకోవాలి. డిసెంబరు చివరి శనివారం రాత్రికి పాడేరు చేరేట్టు పెట్టుకోండి. విశాఖ, విజయనగరం, రాజమండ్రి, హైదరాబాదు అన్నీ ఆ రాత్రి అక్కడే ఉంటాయి, తోడుకి లోటుండదు. మంగళవారమో బుధవారమో వెళ్తే కొండ మీద మీరూ, పిట్టలూ తప్ప ఎవరూ ఉండరు. డబ్బులు పోసి అంత దూరం వెళ్లేది పిట్టల్ని చూడ్డానికా? గది ముందుగా మాట్లాడుకోవద్దు. 2022 ఏప్రిల్లో పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రమయింది, జిల్లా కేంద్రంలో గది దొరక్కపోవడమేమిటి? ఒకవేళ దొరక్కపోతే కార్లోనే పడుకోవచ్చు. ఐదుగురు ఎక్కిన కార్లో చలి ఎటూ వెయ్యదు.

ఇక సమయం. అందరూ తప్పుచేసేది ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెప్తాను. చలికాలంలో అక్కడ సూర్యుడు ఉదయించేది ఆరుంబావు, ఆరున్నర మధ్య. కాబట్టి మనం ఆరున్నరకి కొండ కింద ఉంటే సరిపోతుంది. ఇంత తేలిక లెక్కని కూడా మా తోడల్లుడు పాడుచేశారు. ఆయన ఫిజిక్స్ లెక్చరరు. కాలేజీ లేని రోజున కూడా పాఠం చెప్పకపోతే ఆయనకి అన్నం సయించదు. తెల్లవారుజామున మూడింటికి లేచి మా గది తలుపు కొట్టారు.

“అన్నయ్యగారూ, నాలుక్కల్లా నడక మొదలుపెట్టాలండీ. సూర్యుడు కనపడేముందు ఇరవై, పాతిక నిమిషాలు ఆకాశంలో రంగులు మారతాయి. అసలు చూడాల్సింది అదీ.”

“నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు,” అని దుప్పటి ముసుగెట్టాను.

దానికాయన తలుపు బయటే నిలబడి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడట. నడకకి మూడు మైళ్లకో గంట, అంటే దాదాపు ఐదు కిలోమీటర్లకి గంట వేసుకోవాలి. అది కాక, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకి, అంటే సుమారు ఆరొందల మీటర్లకి ఇంకో గంట కలపాలి. మూడు కిలోమీటర్ల దారి, మూడొందల మీటర్ల ఎత్తు అనుకుంటే ముప్ఫయ్యారు నిమిషాలు నడకకి, ముప్ఫయి నిమిషాలు ఎత్తుకి, మొత్తం గంటా ఆరు నిమిషాలు. అదీ రోజూ నడిచే ఆరోగ్యవంతుడికి, మంచి దారిలో, ఎక్కడా ఆగకుండా. చీకటికి, గుంపుకి, ఆయాసానికి, ఫొటోలకి కలుపుకుంటూ పోతే రెండు గంటలు.

మీరు ఇలాంటి లెక్కలు నమ్మకండి. నా లెక్క చాలా సులువు. ఫోన్లో మ్యాపు తెరిస్తే దూరం మూడు కిలోమీటర్లని చూపిస్తుంది. మా ఇంటి నుంచి రైతుబజారు కూడా మూడు కిలోమీటర్లే. నేను కూరగాయల సంచీతో సహా నలభై నిమిషాల్లో వచ్చేస్తాను. రైతుబజారు దారి చదునుగా ఉంటుంది కదా అని తోడల్లుడు అన్నారు. మూడు కిలోమీటర్లు ఎక్కడైనా మూడు కిలోమీటర్లే అని నేనన్నాను. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు, తన కొడుకుని తీసుకుని వెళ్లిపోయారు. వాదనలో గెలిచినందుకు నాకు మళ్లీ హాయిగా నిద్రపట్టింది.

మేం లేచి, కాఫీలు తాగి, ఒకరి దువ్వెన ఒకరు వెతుక్కుని జీపు దగ్గరికి వచ్చేసరికి ఏడు. జీపు డ్రైవరు ఆ ఊరి కుర్రాడు. మమ్మల్ని ఎగాదిగా చూసి, “ఇప్పుడెల్తే ఏటుంటది బాబూ, మబ్బంతా తేలిపోద్ది,” అన్నాడు. బేరం పెంచడానికి అలా అంటున్నాడని నాకు వెంటనే అర్థమైంది. ఇలాంటివాళ్ల మాట వినకండి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ కొండ కింద ఉన్నంత మాత్రాన ఆ కొండ గురించి తెలిసిపోతుందా?

మబ్బుల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే వంజంగికి జనం వెళ్లేది వాటికోసమే. కొండ మీద నిలబడితే కింద లోయంతా తెల్లగా నిండిపోయి, చుట్టూ ఉన్న కొండల తలలు మాత్రమే పైకి తేలి కనపడతాయి. పత్రికలవాళ్లు పాలసముద్రం అని రాస్తుంటారు. తోడల్లుడి కథనం ఏమిటంటే, అది పైనుంచి వచ్చిన మబ్బు కాదట, కింద పుట్టిన పొగమంచట. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కొండ వాలుల మీదుగా జారి లోయలో పేరుకుంటుంది. అందులోని తేమ మంచుగా మారుతుంది. దానికి పైన ఉన్న గాలి ఇంకా వెచ్చగా ఉంటుంది కాబట్టి అది మూతలా పనిచేసి మంచుని పైకి లేవనివ్వదు. ఎండెక్కి నేల వేడెక్కేదాకానే ఆ మూత. ఎనిమిదో తొమ్మిదో అయ్యేసరికి మూత తెగి మంచు పైకి లేస్తుంది. అప్పుడు కొండ మీదున్నవాళ్లు మంచుని చూడరు, మంచులో ఉంటారు. కాసేపటికి అదీ ఉండదు. రాత్రి గాలి వీచినా, ఆకాశం మూసుకునున్నా అసలు పుట్టదు. ముందు వానలు పడి నేల తడిగా ఉండి, ఆ పైన ఆకాశం విచ్చుకున్న రాత్రయితే మరీ బాగా పడుతుంది. అందుకని ముందురోజు రాత్రి బయటికొచ్చి ఒకసారి నక్షత్రాలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోమంటారాయన.

ఇదంతా నిజమే అనుకుందాం. కొండ కింద మన దగ్గర టికెట్టు పుచ్చుకున్నారా లేదా? టికెట్టు పుచ్చుకున్నాక మబ్బు చూపించాల్సిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకి ఫిజిక్సులో జవాబు లేదు.

బట్టల దగ్గరికొద్దాం. చలికాలంలో లంబసింగి, చింతపల్లి, పాడేరు వైపు రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకి దిగుతుందని ఏటా పేపర్లో చదువుతూనే ఉంటాం. కాబట్టి ఇంట్లో ఉన్న ఉన్ని అంతా కిందే ఒంటి మీద వేసుకోండి. బనీను, చొక్కా, స్వెట్టరు, దాని మీద జాకెట్టు, మఫ్లరు, మంకీ క్యాపు. నడక మొదలయ్యాక ఒక్కటి కూడా తియ్యకండి. పది నిమిషాలకి లోపల చెమట కారిపోతుంది, పర్వాలేదు. పైకెళ్లి గాలిలో ఆగాక ఆ తడి నూలు బనీను వీపుకి అతుక్కుని పళ్లు టకటకలాడితే, చలికాలం చూడ్డానికే కదా వచ్చింది! తోడల్లుడు మాత్రం కొంచెం చలిగా ఉండగానే పల్చటి చొక్కాతో నడక మొదలుపెట్టారట, స్వెట్టరు సంచీలో పెట్టుకుని. పైకి వెళ్లాక తడి బనీను విప్పి పొడిది తొడుక్కుని, అప్పుడు స్వెట్టరు వేసుకున్నారట. కొండ మీద బనీను మార్చుకునే మనిషితో చుట్టరికం ఉందని చెప్పుకోవడానికి నాకు మొహమాటంగా ఉంది. కింద పేంటు మాత్రం జీన్సే వెయ్యండి. మంచుకి తడిసిందంటే మధ్యాహ్నం దాకా ఆరదు, అంత గట్టి బట్ట.

చెప్పులు చాలు. బూట్లే కావాలంటే ముందురోజు కొన్న కొత్తవి వేసుకోండి, ఫొటోల్లో మెరుస్తాయి. అరిగిన అడుగుభాగం కూడా మంచిదే, మడమ తేలిగ్గా ఉంటుంది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు, దారిలో తడిసిన ఎర్రమట్టి. నున్నటి చెప్పుతో అడుగేస్తే మనం వెయ్యకుండానే రెండో అడుగు పడుతుంది.

టార్చి విషయంలో జనం డబ్బు తగలేస్తారు. నుదుటికి కట్టుకునే లైట్లని ఏవో అమ్ముతున్నారు, చేతులు ఖాళీగా ఉంటాయిట. ఖాళీ చేతులతో ఏం చేస్తాం? ఫోను లైటు చాలు. రాత్రంతా పాటలు విన్న ఫోనయితే ఛార్జింగు పన్నెండు శాతం ఉంటుంది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో నీళ్ల సీసా. నిటారు చోట చెట్టుకొమ్మో రాయో పట్టుకోవాల్సొస్తే అప్పుడు ఏది వదిలెయ్యాలో నిర్ణయించుకోవచ్చు. ఆ ప్రాంతంలో సిగ్నలు సరిగ్గా ఉండదని మ్యాపులు ముందే దించుకుంటారు కొందరు. వాళ్లకి దారి తప్పడంలో ఉన్న సరదా తెలీదు. గుంపులో ఒక్క టార్చే ఉంటే అది అందరికన్నా బలంగా ఉన్న కుర్రాడికి ఇచ్చి, అందరికన్నా ముందు పంపండి. వాడు పైకెళ్లి అక్కణ్ణుంచి ఊపుతుంటే వెనకవాళ్లకి ఎంత దూరం పోవాలో తెలుస్తుంది, ఎక్కడ అడుగెయ్యాలో తప్ప.

నీళ్లు తొమ్మిది మందికి ఒక సీసా చాలు. చలికాలం, దాహమెక్కడిది? తలకో లీటరు మోసుకెళ్తే లీటరు బరువు కిలో. ముందురోజు రాత్రి భోజనం మాత్రం గట్టిగా చెయ్యాలి. పాడేరు దాకా వెళ్లి బొంగు చికెన్ తినకుండా రావడం పాపం. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దట్టించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వెయ్యరు. బొంగు పైన నల్లగా మాడిపోయి, చీల్చగానే లోపల్నుంచి వెదురు వాసనతో ఆవిరొస్తుంది. నూనె లేని వంట తేలిగ్గా అరుగుతుంది కాబట్టి మనిషికి రెండు బొంగులు, మీద బిర్యానీ, రాత్రి పన్నెండింటికి. ఆ మీదట రెండు గంటల్లో లేచి కొండెక్కమని ఎవరంటారు, తోడల్లుడు తప్ప!

చలికి మందు తాగితే ఒళ్లు వెచ్చబడుతుందని అందరికీ తెలుసు. ఆయన దీన్నీ వదల్లేదు. తాగగానే రక్తం చర్మంలోకి పొంగుతుంది కాబట్టి వెచ్చగా అనిపిస్తుందట, ఆ వేడి చర్మం మీదుగా బయటికి పోయి లోపల ఒళ్లు ఇంకా చల్లబడుతుందట. అనిపిస్తే చాలదా? మనిషి బతికేది అనిపించడం మీదే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, పెద్దవాళ్లు. మా మామగారికి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు, రక్తపోటుకి రోజూ మాత్ర. జీపు దిగగానే దారి మొదట్లో ఉన్న టీకొట్టు బల్ల చూసి, “అల్లుడుగారూ, నేనిక్కడ కూర్చుంటానండి, మీరెళ్లి రండి,” అన్నారు. అల్లుడనేవాడు అలాంటి మాట వింటే రేపు అత్తవారింట్లో మర్యాదేముంటుంది? “ఎంతమాట మామయ్యగారూ! మీరు రాకుండా మేమెక్కుతామా? పదడుగులే,” అన్నాను. రెక్క పట్టుకుని లేవదీశాను.

పదడుగులే అన్నాను కదా, ఈ మాటలోనే ఉంది కిటుకంతా. నిటారు దారిలో పెద్దవాళ్లకి నిజం చెప్పకూడదు. ఎంత దూరం ఉందని అడిగితే, “ఇంకో ఐదు నిమిషాలు” అనాలి. ఐదు నిమిషాలయ్యాక మళ్లీ అడిగితే మళ్లీ ఐదు నిమిషాలే అనాలి. దిగొచ్చేవాళ్లు ఎవరైనా అడ్డమొస్తే వాళ్లని అడగండి, వాళ్లూ అదే చెప్తారు. కొండ దిగేవాడు ఎక్కేవాడితో నిజం చెప్పిన దాఖలా లేదు. మామగారు మొదట నన్ను నమ్మారు, తర్వాత దిగొచ్చేవాళ్లని నమ్మారు, ఆ తర్వాత ఎవర్నీ అడగడం మానేశారు. అది ఉత్సాహం పెరిగిన లక్షణమనుకున్నాను. మూడో మలుపు దగ్గర రాయి మీద చతికిలబడి, మంకీ క్యాపు తీసి విసనకర్రలా ఊపుకుంటున్నారు. మొహమంతా ఎర్రబారింది. మాత్ర వేసుకున్నారా అని మా ఆవిడ అడిగింది. మాత్ర పాడేరులో, గదిలో, పెట్టె అడుగున ఉంది.

ఇలాంటప్పుడు కుర్రాళ్లు ఏం చెయ్యాలంటే, వంద గజాలు ముందుకి పరిగెత్తి అక్కడ కూర్చుని ఎదురుచూడాలి. ముసలాయన రొప్పుతూ వాళ్ల దగ్గరికి చేరగానే, “వచ్చేశారా, పదండి,” అని లేచి బయల్దేరాలి. అప్పుడు విశ్రాంతి వాళ్లకి దొరుకుతుంది, అవసరమున్నాయనకి దొరకదు. గుంపు ఇలాగే నడుస్తుంది, లోకమూ ఇలాగే నడుస్తుంది. అందరికన్నా నెమ్మదైన మనిషిని ముందు పెట్టి, పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగంతోనే నడవాలని తోడల్లుడి సిద్ధాంతం. అలాగైతే పేకాట బల్ల దగ్గరే మాట్లాడుకోవచ్చు, కొండ దాకా దేనికి? మా మామగారిని చివరికి ఆ ఊరి ఆడమనిషి ఒకావిడ, నెత్తి మీద కట్టెలమోపుతో దిగుతూ చూసి, “ఏటి బాబూ, పెద్దాయన్ని సంపేత్తారేటి?” అని కేకలేసి, తన చేతికర్ర ఆయనకిచ్చి, రాయి మీద నీడలో కూర్చోబెట్టింది. పరాయివాళ్ల కుటుంబ విషయాల్లో ఇలా తలదూర్చడం నాకు నచ్చలేదు.

దారి పక్కన కాఫీ తోటలుంటాయి. ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పాకిన మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. మన పర్యాటక కాలమూ, కాఫీ పండే కాలమూ ఒకటే. నవంబరు నుంచి జనవరి దాకా కొమ్మలకి ఎర్రటి పళ్లు వేలాడుతుంటాయి. ఇవి గిరిజన రైతుల చిన్న చిన్న తోటలు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత పేరున్న పళ్లని చేత్తో ముట్టకుండా ఎలా ఉంటాం? పిల్లలకి తలా గుప్పెడు కోసివ్వండి. కొరికి, గింజ చప్పగా ఉందని ఉమ్మేస్తారు, అదొక విజ్ఞానం. పసుప్పచ్చగా పూసిన వలిసె చేను కనపడితే సరిగ్గా నడిమధ్యకి నడిచి వెళ్లి ఫొటో తీసుకోండి. గట్టు మీద నిలబడి తీసినా పసుపే కనపడుతుందనుకోండి, చేను తొక్కితేనే గుండెకి నిండుగా ఉంటుంది. రైతు వచ్చి పది రూపాయలడిగితే అదేం దోపిడీ అని నిలదియ్యండి.

పైకి చేరేసరికి తొమ్మిదిన్నర. మబ్బుల్లేవు. ఎండ మాడుతోంది, లోయంతా ఆకుపచ్చగా, ప్రతి చెట్టూ విడివిడిగా కనపడుతోంది. నిజం చెప్పాలంటే ఇదే మెరుగు. మబ్బు కమ్ముకునుంటే ఇవన్నీ కనపడేవా? నేను ఈ మాట అందరికీ వివరించాను. మా ఆవిడ వినిపించుకోలేదు. అప్పటికే కిందికి దిగిపోతూ ఎదురైన తోడల్లుడి కొడుకు ఫోనులో ఫొటోలు చూస్తోంది.

పైకెళ్లాక చెయ్యాల్సిన పనులు క్లుప్తంగా: స్పీకరు పెట్టి పాట గట్టిగా వెయ్యండి, ప్రకృతి అన్నాక నిశ్శబ్దంగా ఉంటే భయమేస్తుంది. ఎండుగడ్డి పక్కనే మంట వెయ్యండి, గడ్డి దగ్గరుంటే మంట తొందరగా అంటుకుంటుంది. మ్యాగీ తిన్న ప్లేటు, నీళ్ల సీసా అక్కడే వదలండి, కింద ఊరివాళ్లకి ఏదో ఒక పని ఉండాలి కదా. అంచున లోయ వైపు వీపు పెట్టి, ఫోను తెరలో మొహం చూసుకుంటూ, “ఇంకొంచెం వెనక్కి” అన్నప్పుడల్లా ఒక అడుగు వెనక్కి వెయ్యండి. వానాకాలంలో ఉరుముతుంటే అందరికన్నా ఎత్తైన చోట గొడుగు తెరిచి నిలబడండి, తడవరు.

దిగడం గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించనక్కర్లేదు కూడా. ఎక్కేటప్పుడు మనం లాగాలి, దిగేటప్పుడు భూమే లాగుతుంది. అందుకని పరిగెత్తండి. చిన్న చిన్న అడుగులు వేస్తూ, మోకాలు కొంచెం వంచి, చేతికర్ర ముందు మోపుకుంటూ దిగేవాళ్లని చూసి నవ్వుకుంటూ పోండి. బూటు తాళ్లు వదులుగా ఉంచితే ప్రతి అడుగుకీ పాదం ముందుకి జారి, వేళ్లు బూటు ముక్కుని కొట్టుకుంటాయి. నాలుగు రోజులకి బొటనవేలి గోరు నల్లబడుతుంది, వంజంగి వెళ్లొచ్చామని ఎవరికైనా చూపించడానికి పనికొస్తుంది. తొడ కండరాలు ఎక్కడంలో కన్నా దిగడంలోనే ఎక్కువ దెబ్బతింటాయట. సాగుతూనే బరువు ఆపాలి కాబట్టి లోపల పోగులు చిట్లుతాయట. ఆ నొప్పి అదేరోజు తెలీదు. ఒకటి రెండు రోజులు ఆగి ముదురుతుంది. అందుకే ఆదివారం అందరూ బ్రహ్మాండంగా ఉందన్నారు. మంగళవారం మా ఆఫీసులో ముగ్గురు మెట్లు వెనక్కి తిరిగి దిగారు. దానికి నేను బాధ్యుణ్ణి కాదు, అప్పటికి యాత్ర ముగిసింది.

తిరుగు ప్రయాణం. రాత్రి నిద్రలేనివాడే డ్రైవింగు సీట్లో కూర్చోవాలి, ఘాటు రోడ్డు మలుపులకి నిద్ర దానంతటదే వదిలిపోతుంది. దారిలో మాడుగులలో హల్వా కొనాలి కాబట్టి తొందరగా పోవాలి. ఇక్కడ నేను చెప్పే చిట్కా మాత్రం రాసిపెట్టుకోండి. ఘాటు దిగేటప్పుడు కారుని న్యూట్రల్‌లో పెట్టండి. ఇరవై కిలోమీటర్లకి పైగా పల్లమే, పెట్రోలు ఖర్చు దాదాపు ఉండదు.

నేను అలాగే పెట్టాను. మొదటి మలుపు దాటగానే వెనక సీట్లోంచి తోడల్లుడు ముందుకి వంగారు.

“అన్నయ్యగారూ, రెండో గేరులో వెయ్యండి. గేరులో ఉంటే ఇంజనే కారుని పట్టి ఆపుతుంది. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కిపోతాయి, వేడెక్కితే పట్టవు.”

“పెట్రోలో?”

“ఇప్పటి కార్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనుకి పెట్రోలే పంపవండి. న్యూట్రల్‌లోనే ఇంజను ఆగకుండా ఉండడానికి కొంచెం తాగుతూ ఉంటుంది. మీ లెక్కే తిరగబడింది.”

ఇంతలో ఎక్కడినుంచో కాలిన వాసన వచ్చింది. ఎవరో పొలంలో చెత్త తగలబెడుతున్నారని చెప్పి అద్దాలెత్తించాను. చుట్టుపక్కల పొలమేదీ లేదని తోడల్లుడి కొడుకు అన్నాడు. పిల్లలు పెద్దల మాటలకి అడ్డొస్తే సహించకండి.

టీ తాగుదామని ఒక చోట ఆపితే తోడల్లుడు, వాళ్లబ్బాయి దిగి, వెనకొస్తున్న ఆర్టీసీ బస్సుకి చెయ్యెత్తారు. మామగారు ఆ కట్టెలావిడిచ్చిన కర్ర మోపుకుంటూ వాళ్ల వెనకే బస్సెక్కారు. మా ఆవిడ కొంచెంసేపు అటూ ఇటూ చూసి, హ్యాండుబ్యాగు భుజాన వేసుకుని, నాన్నగారికి తోడుండాలని చెప్పి తనూ ఎక్కేసింది. కారు ఒక్కసారిగా తేలికైంది. నలుగురి బరువు తగ్గితే మైలేజీ ఎంత పెరుగుతుందో మీరే లెక్క కట్టుకోండి.